పాత యాంటెన్నాతో బోటు వైర్‌లెస్: ‘వినపడితే పనిచేసినట్టే’ అన్న ప్రచారానికి ఖండన

విశాఖ, కాకినాడ, నిజాంపట్నం వైపు మరబోట్ల వాళ్ల ఫోన్లలో ఒక సలహా విరివిగా చేతులు మారుతోంది. ఇంటి అటక మీద పడి ఉన్న టీవీ యాంటెన్నానో, పాత కారు రేడియో కడ్డీనో, 27 మెగాహెర్ట్జ్ సీబీ రేడియో (మామూలు జనం దగ్గరి దూరాల మాటలకు వాడే వైర్‌లెస్) విప్పునో, అంటే వంగే కడ్డీ యాంటెన్నానో, బోటు మీది వీహెచ్‌ఎఫ్ వైర్‌లెస్ సెట్టుకు తగిలిస్తే సరిపోతుందని, మెరైన్ యాంటెన్నాకు వేల రూపాయలు పోయనక్కర్లేదని దాని సారాంశం. అందుకు అది చూపే కారణాలు ఐదు: లోహపు కడ్డీ ఏదైనా ఒకటేనట, అవతలి మాట వినపడితే యాంటెన్నా పనిచేస్తున్నట్టేనట, కడ్డీ పొడవైన కొద్దీ దూరం పెరుగుతుందట, ఎర్త్‌కు కింద సముద్రం ఉండనే ఉందట, టీవీ కేబులు కూడా చాలునట. వీటిలో ఒకదానిలో సగం నిజం ఉంది. మిగిలినవి నమ్మితే బోటులోని సెట్టు వినడానికి తప్ప పిలవడానికి పనికిరాకుండా పోతుంది.

మొదటి రెండు వాదాలనూ కలిపి చూడాలి, ఎందుకంటే రెండోది మొదటిదానికి సాక్ష్యంగా చెప్పబడుతోంది. మెరైన్ వీహెచ్‌ఎఫ్ పనిచేసేది 156 నుంచి 162 మెగాహెర్ట్జ్ మధ్య. ఆపదలో పిలిచే 16వ ఛానెల్ 156.8 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ఆ పౌనఃపున్యానికి తరంగదైర్ఘ్యం సుమారు 1.91 మీటర్లు; మామూలు కడ్డీ యాంటెన్నాకు కావలసిన పొడవు అందులో నాలుగో వంతు, అంటే 48 సెంటీమీటర్లు, లోహంలో వచ్చే తరుగు తీసివేస్తే దాదాపు 45.5 సెంటీమీటర్లు. సీబీ రేడియోకు అదే నాలుగో వంతు 2.7 మీటర్లకు పైమాటే. పొట్టి సీబీ యాంటెన్నాలయితే ఆ పొడవును అడుగున చుట్టిన తీగచుట్టతో భర్తీ చేసుకుంటాయి. 27 మెగాహెర్ట్జ్ కోసం చుట్టిన ఆ చుట్ట 156 దగ్గర సిగ్నల్‌ను పైకి పోనివ్వని అడ్డుగోడగా మారుతుంది.

అయినా మాట వినపడుతుంది. సలహా ఇచ్చినవారు అబద్ధమాడలేదు, చూసిందే చెప్పారు. సెట్టులోని రిసీవర్‌కు ఒక మైక్రోవోల్టులో కొంత భాగం అందినా మాట తెలిసిపోతుంది. రేవు దగ్గర ఉన్న 25 వాట్ల స్టేషన్ నుంచి వచ్చే సిగ్నల్ అవసరానికి ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటుంది కనుక, తొంభై పాళ్లు నష్టపోయినా మిగిలినది స్పష్టంగానే వినిపిస్తుంది. పంపేటప్పుడు ఈ వెసులుబాటు లేదు. సెట్టు ఇచ్చిన శక్తిని యాంటెన్నా ఒప్పుకోకపోతే అది కేబులు గుండా వెనక్కి వస్తుంది. ఇలా వెనక్కి వచ్చేదాన్ని తెలిపే కొలత ఎస్‌డబ్ల్యుఆర్; ఏమీ తిరిగి రాకపోతే అది 1. అది 3 ఉంటే నాలుగో వంతు, 10 ఉంటే దాదాపు మూడింట రెండు వంతులు తిరుగుముఖం పడతాయి. కొత్త సెట్లు దాన్ని పసిగట్టి తమంతట తామే శక్తిని తగ్గించుకుంటాయి, పాతవాటిలో ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్ కాలిపోవచ్చు. అంటే తీరం మాట సరంగుకు చక్కగా వినపడుతూనే ఉంటుంది, సరంగు మాట మాత్రం తీరానికి చేరదు. జెట్టీ దగ్గర నిలబెట్టిన బోటులో ఇది ఎప్పటికీ బయటపడదు.

కొలిచి చూశామనేవారూ ఉన్నారు. సీబీ రేడియో కోసం అమ్మే ఎస్‌డబ్ల్యుఆర్ మీటర్లు 30 మెగాహెర్ట్జ్ వరకే నమ్మదగినవి. 156 దగ్గర వాటి ముల్లు చూపే అంకెకు విలువ లేదు.

ఇక పొడవు సంగతి. వీహెచ్‌ఎఫ్ దాదాపు కనుచూపు మేరకే పోతుంది. కిలోమీటర్లలో ఆ మేర తెలుసుకోవాలంటే, రెండు యాంటెన్నాల ఎత్తులను మీటర్లలో తీసుకుని, వాటి వర్గమూలాలను కూడి 4.12తో గుణించాలి. నాలుగేసి మీటర్ల ఎత్తున యాంటెన్నాలున్న రెండు బోట్ల మధ్య ఇది సుమారు 16 కిలోమీటర్లు. ఒకదాన్ని తొమ్మిది మీటర్లకు లేపితే 20 దాటుతుంది. బోటుది నాలుగు మీటర్లే ఉన్నా, అవతలిది తీరంలో వంద మీటర్ల ఎత్తున ఉంటే 49 దాకా వస్తుంది. దూరాన్ని ఇచ్చేది కడ్డీ పొడవు కాదు, అది నిలిచిన ఎత్తు. పైగా 2.6 మీటర్ల సీబీ విప్పు 156 మెగాహెర్ట్జ్ దగ్గర ఒకటింబావు తరంగానికి మించి ఉంటుంది కనుక, శక్తిలో ఎక్కువ భాగం దిగంతం వైపు కాక ఏటవాలుగా ఆకాశంలోకి పోతుంది. సరిగ్గా తయారుచేసిన పొడవాటి మెరైన్ యాంటెన్నాలకు కూడా ఈ విషయంలో హద్దు ఉంది. శక్తిని ఎంతగా ఒకచోటికి కుదిస్తాయో వాటి మీద డెసిబెల్‌లలో రాస్తారు. 9 డెసిబెల్ రకం టార్చి వెలుగును కుదించినట్టు శక్తిని పలుచని పొరగా కుదిస్తుంది. అలలకు ఊగే చిన్న బోటు మీద ఆ పొర ఒకసారి నీళ్లలోకి, ఒకసారి మబ్బుల్లోకి తిరుగుతుంది. చిన్న బోటుకు 3 డెసిబెల్ రకమే మేలనేది అందుకే.

సముద్రమే ఎర్త్ అన్న మాట ఎక్కడినుంచి వచ్చిందో ఊహించవచ్చు. 2 నుంచి 30 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే ఓడల హెచ్‌ఎఫ్ సెట్లకు సముద్రపు నీరు నిజంగానే మంచి ఎర్త్. వీహెచ్‌ఎఫ్‌కు అలా కుదరదు. కారు పైకప్పు మీద కడ్డీ బాగా పనిచేసేది దాని మొదట్లోనే, అర మీటరు పరిధిలో, చుట్టూ ఇనుప రేకు ఉండటం వల్ల. ఫైబర్ బోటులో ఆ రేకు లేదు. స్తంభం మీదినుంచి నీళ్లలోకి నాలుగు మీటర్ల తీగ దించితే, ఆ తీగే రెండు తరంగాల పొడవు ఉంటుంది; అది ఎర్త్ కాదు, అదుపు లేని మరో యాంటెన్నా. ఇనుప ట్రాలరు క్యాబిన్ పైకప్పు మీదైతే కారు తరహా కడ్డీ పనిచేస్తుంది, ఆ మేరకు ఒప్పుకోవచ్చు.

సగం నిజమున్న వాదం కేబులుది. టీవీ కేబులు ఇంపిడెన్స్ (సిగ్నల్‌కు ఎదురయ్యే నిరోధం) 75 ఓమ్‌లు, సెట్టు కోరేది 50. ఈ తేడా వల్ల ఎస్‌డబ్ల్యుఆర్ 1.5 అవుతుంది, నష్టం నాలుగు శాతం. భయపడాల్సింది కాదు. పది మీటర్లకు సన్నని ఆర్‌జి-58 కేబులు 25 వాట్లలో తొమ్మిది దాకా మింగేస్తుంటే, ఆర్‌జి-6 టీవీ కేబులు ఐదుకు మించి తీసుకోదు. అసలు చిక్కు వేరే ఉంది. టీవీ కేబులులో నడిమి తీగ చుట్టూ ఉండే అల్లిక సాధారణంగా అల్యూమినియంది, టంకం పట్టదు. నడిమి తీగ చాలావాటిలో రాగిపూత ఉక్కు. ఉప్పుగాలి తగిలిన చోట అల్యూమినియం తెల్లటి పొడిగా రాలుతుంది, కోసిన కొన దగ్గర పూత లేని ఉక్కు తుప్పు పడుతుంది, నీరు లోపలి స్పాంజి గుండా పాకుతుంది. మొదటి రోజు కాదు, ఒక వర్షాకాలం గడిచాక పోతుంది. పూత పూసిన రాగి అల్లికతో ఉండే మెరైన్ రకం ఆర్‌జి-8ఎక్స్ గానీ, లావుపాటి ఆర్‌జి-213 గానీ తీసుకోవడమే మంచిది.

టీవీ యాంటెన్నా సిగ్నల్‌ను బాగా లాగుతుందన్న మాట కూడా ఈ ప్రచారంలో వినిపిస్తుంది. లాగుతుంది, ఒక్క దిక్కు నుంచే; బోటు తిరిగితే ఆ దిక్కూ తిరుగుతుంది. అడ్డంగా పడుకున్న దాని గొట్టాలు అడ్డపు తరంగాలకు తయారైనవి, బోట్లు వాడేవి నిలువు తరంగాలు. ఇక దానికి తగిలించిన బూస్టరును తీయకుండా సెట్టు బటన్ నొక్కితే, ఆ 25 వాట్లూ బూస్టరు లోపలికే పోయి దాన్ని కాల్చేస్తాయి. లోపల ఆంప్లిఫయర్ ఉన్న కారు ఎఫ్‌ఎం యాంటెన్నాలదీ ఇదే గతి.

పాతది ఏదీ పనికిరాదని దీని అర్థం కాదు. హామ్ రేడియో వాళ్లు, అంటే లైసెన్సుతో సరదాకు వైర్‌లెస్ నడిపేవారు, 144–146 మెగాహెర్ట్జ్‌కు వాడిన పావు తరంగపు కడ్డీ సుమారు 49 సెంటీమీటర్లు ఉంటుంది. దాన్ని మూడు నాలుగు సెంటీమీటర్లు, కొద్దికొద్దిగా కొలుస్తూ కత్తిరిస్తే మెరైన్ ఛానెళ్లకు వస్తుంది. సీబీ యాంటెన్నాలోనూ కడ్డీ, బిగింపు పనికొస్తాయి, తీగచుట్టను పూర్తిగా తీసేస్తే. కడ్డీని 46 సెంటీమీటర్లు మిగిలేలా కోసి, మొదట్లో నాలుగు వైపులా 48 సెంటీమీటర్ల కడ్డీలను 45 డిగ్రీల వాలుగా కిందికి వంచి బిగిస్తే, కింద రేకు లేకున్నా దాదాపు 50 ఓమ్‌లు వస్తాయి. కేబులు కలిసే చోట తనకు తాను అతుక్కునే రబ్బరు టేపు బిగుతుగా చుట్టాలి.

పరీక్ష మాత్రం 156 మెగాహెర్ట్జ్‌కు చెల్లే ఎస్‌డబ్ల్యుఆర్ మీటరుతో, ముందు 1 వాట్ మీద చేయాలి. 1.5 లోపు వస్తే 25కు పెంచవచ్చు, 2 దాటితే మళ్లీ విప్పాలి. మాట పరీక్షను బోట్ల మధ్య మాటలకు కేటాయించిన ఛానెల్ మీద, కనీసం పది కిలోమీటర్ల దూరాన ఉన్న మరో బోటుతో చేసి, ‘వినపడుతోందా’ అని అవతలివారినే అడగాలి; 16వ ఛానెల్‌ను అందుకు వాడకూడదు. స్తంభానికి నీళ్లు చల్లి, తడి మీద అదే కొలత మరోసారి తీస్తే కేబులు బిగింపు సంగతి కూడా తేలిపోతుంది.