సోషియాలజీ చదివినవాళ్లకు విశాఖలో పని లేదా?

ఎమ్మే సోషియాలజీ అనగానే ఇంట్లో అడిగేది ఒక్కటే: బీఈడీ చేస్తావా, గ్రూప్స్ రాస్తావా? రాయొద్దని మేం అనం. గ్రూప్-2 స్క్రీనింగ్‌లో భారతీయ సమాజానికి 150లో 30 మార్కులున్నాయి, సివిల్స్‌లో ఆప్షనల్‌గా తీసుకుంటే రెండు పేపర్లకు కలిపి 500. కానీ ఇంకో దారే లేదన్నట్టు ఏళ్లకేళ్లు కోచింగ్ సెంటర్లలో మగ్గిపోవడమే మాకు మింగుడుపడటం లేదు.

ఈ చదువుకు పని దొరకాల్సిన ఊరంటూ ఉంటే అది విశాఖే. స్టీల్‌ప్లాంట్ నిర్వాసితుల గోడు దశాబ్దాలుగా నలుగుతూనే ఉంది. 2013 భూసేకరణ చట్టం సామాజిక ప్రభావాన్ని అంచనా వేయమంది (కొన్ని ప్రాజెక్టులకు రాష్ట్రం మినహాయింపులు ఇచ్చుకుంది, అది వేరే పంచాయితీ). అదే చట్టం ప్రకారం పెళ్లయినా కాకపోయినా మేజరైన ప్రతి మనిషీ వేరే కుటుంబం కిందే లెక్క, వితంతువులూ భర్త వదిలేసిన ఆడవాళ్లూ అంతే. ఈ సంగతి తెలియని కుర్రాడి చేతిలో ట్యాబ్ పెట్టి ఇంటింటి సర్వేకు పంపితే, డోర్ నంబరు చూసి ఒక ఇల్లు ఒక కుటుంబం అని టిక్కు కొట్టుకుంటూ పోతాడు, లోపల కూర్చున్న ఇరవై రెండేళ్ల పెళ్లికాని అమ్మాయికి రావాల్సిన పునరావాసం అక్కడే గల్లంతవుతుంది. గుమ్మంలో తండ్రి జవాబులు చెప్తుంటే లోపలి అమ్మాయినీ పిలిచి అడగాలన్న ఇంగితం ఈ సబ్జెక్టు సరిగ్గా చదివినవాళ్లకు ఉంటుంది, ఉండాలి.

ఇంకా ఉన్నాయి. 250 మంది, అంతకు మించి కార్మికులున్న ఫ్యాక్టరీలో వెల్ఫేర్ ఆఫీసర్ ఉండాలని, 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం స్థానంలో 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన కార్మిక కోడే చెబుతోంది. చట్టం పరిధిలోకి వచ్చే కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సీఎస్‌ఆర్‌కి, అంటే సామాజిక బాధ్యత పనులకి పెట్టాలి. పరవాడ, అచ్యుతాపురం దాకా ఫ్యాక్టరీలే కదా! అయితే ఇలాంటి చాలా పోస్టులకు ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) అడుగుతారు. ఆ ముక్క డిగ్రీలో ఉండగానే చెప్పే దిక్కుండాలి, ఎమ్మే పట్టా చేతికొచ్చాక కాదు.

పిల్లల వైపూ లోటుంది. డిజర్టేషన్‌ని (పరిశోధన వ్యాసాన్ని) జిరాక్స్ షాపులో బైండింగ్ చేయించే తతంగంగా చూసినన్నాళ్లూ ఎవరూ పిలిచి ఉద్యోగం ఇవ్వరు. ఎక్సెల్‌లో పట్టిక వేయడం, తెలుగులో అడిగింది ఇంగ్లిష్‌లో రిపోర్టు రాయడం రావాలి. ఏజెన్సీలో పనిచేయాలంటే కోదు గిరిజనులు మాట్లాడే కువి లాంటి భాష కాస్తయినా పట్టుబడాలి. ఆంధ్రా యూనివర్సిటీ ఒక సెమిస్టర్ మొత్తం విద్యార్థులను నిజమైన సర్వేల్లో దింపితే ఇందులో సగం అక్కడే వచ్చేస్తుంది.

సర్వేలు చేయించే కంపెనీలకూ జిల్లా యంత్రాంగానికీ మేం అడిగేది ఒకటే. ఫారానికి ఇంత అని కూలి కట్టకండి, నెల జీతం ఇవ్వండి. ఫారానికి లెక్కగడితే ఎంత చదివినవాడైనా ఆ అమ్మాయిని పిలవకుండానే పక్కింటికి పోతాడు.