మురుగు కాలువ లేని ప్రళయం

వాదానికి మూలం ఒక నవల. రచయిత సొంత డబ్బు పెట్టి అచ్చేసుకున్నాడు, మూడొందల పేజీలు. సౌర తుఫానుకి దేశమంతా కరెంటు పోతుంది. పట్నంలో ఉద్యోగం చేసే కుర్రాడు గోదావరి పాయ వైనతేయ దాటి, కోనసీమలో రాజోలు వైపు తాతగారి ఇంటికి చేరతాడు. బోరు వేస్తాడు, గోడ లేపుతాడు, రొయ్యల చెరువు పట్టుకుని కూర్చుంటాడు, దొంగలతో పోరాడతాడు. ఏడాది తిరిగేసరికి ఊళ్లో మిగిలేది అతనూ, అతని పిల్లా. ఈ నవల మీద మాట్లాడుకునేది మేనమామా, మేనకోడలూ. ఆయన కాలువల శాఖలో పనిచేసి రిటైరయ్యాడు. ఆమె ఇలాంటి పుస్తకాలకి పేజీలు కట్టి ప్రెస్సుకి పంపుతుంది.

కోడలు: పూర్తిచేశారా మావయ్యా?

మావయ్య: చేశానమ్మా. నలభయ్యో పేజీ దగ్గర పక్కన పడేశాను. నువ్వు అడుగుతావని మళ్లీ పట్టుకున్నాను.

కోడలు: నలభయ్యో పేజీలో అంత కానిదేం రాశాడండీ?

మావయ్య: బోరు. సముద్రానికి నాలుగు మైళ్ల దూరంలో రెండొందల అడుగులు దింపితే కొబ్బరినీళ్లలాంటి నీళ్లు పడ్డాయన్నాడు. ఆ ఇసుక నేలల్లో తీపినీళ్లు ఉప్పునీళ్ల మీద తేలుతుంటాయి, మజ్జిగ మీద వెన్నలాగ. సముద్రమట్టానికి పైన అడుగు ఎత్తున తీపినీళ్లు నిలిస్తే కింద నలభై అడుగుల దాకా ఉంటాయని లెక్క. పైన ఆ అడుగూ తోడేశావా, కింద ఉప్పు నలభై అడుగులు ఎగదన్నుతుంది. అందుకే తీరం ఊళ్లలో లోతుకి పోరు. పైపైన ఫిల్టర్ పాయింటు, అంటే లోతు తక్కువ గొట్టపు బావి వేసుకుని, కాసేపు తోడి ఆపి, మళ్లీ ఊరనిస్తారు. ఇతను రోజంతా తోడాడు. దేంతో తోడాడూ? ఇంటి మీది సోలారు పలకలతో. మీటరుకి కలిపిన సోలారు, వీధిలో కరెంటు పోగానే తనూ ఆగిపోతుంది. స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కి షాకు తగలకూడదని ఇన్వర్టరుని అలా చేస్తారు. బ్యాటరీతో విడిగా నడిచే ఏర్పాటు లేకపోతే మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా ఒక్క బల్బు వెలగదు. ఈ రెండూ తెలియని మనిషి నాకు బతకడం నేర్పుతానంటే ఎలాగమ్మా?

కోడలు: నేర్పుతానని ఎక్కడన్నాడండీ, కథ చెప్పాడు. తెలిసి రాసినవి కూడా ఉన్నాయి, అవి మీరు చెప్పట్లేదు. సౌర తుఫాను వస్తే మోటారు సైకిళ్లూ చేతి గడియారాలూ చచ్చిపోయినట్టు రాసేవాళ్లు బోలెడంతమంది. ఇతను అలా రాయలేదు. దెబ్బ తగిలేది వందల మైళ్ల పొడవున్న లైన్లకీ, వాటి చివరనున్న ట్రాన్స్‌ఫార్మర్లకీ. 1859లో టెలిగ్రాఫు తీగలకి తగిలింది. 1989 మార్చిలో కెనడాలో క్యూబెక్ అంతా తొమ్మిది గంటలు చీకట్లో ఉంది. జేబులో ఫోనుకి ఏమీ కాదు, టవరు మాత్రం మూగబోతుంది. సరిగ్గా అలాగే రాశాడు. ఇంక నాయనమ్మ చిల్లగింజ అరగదీసే ఘట్టం ఉంది కదా, అది మాత్రం తప్పుపట్టకండి.

మావయ్య: పట్టను. అది బాగుంది. గోదారి ఎర్రనీళ్లు కుండకి పట్టి, చిల్లగింజని కుండ లోపలి అంచుకి నాలుగు చుట్లు రుద్ది, చెయ్యి పెట్టకుండా వదిలేస్తుంది. తెల్లారేసరికి అడుగున వేలెడు ఒండ్రు, పైన అద్దంలాంటి నీరు. కుండ కదపకుండా చెంబుతో పైనుంచి తీస్తుంది. అది చూసినవాడే రాయగలడు. కానీ తేటపడ్డ నీళ్లన్నీ మంచినీళ్లు కావు. మట్టి దిగుతుందిగాని రోగం దిగదు. అందుకేగా తరవాత బ్లీచింగు కలిపించాడు. ఎంత కలిపించాడూ? వెయ్యి లీటర్లకి 25 గ్రాములట.

కోడలు: అది రెండున్నరండి. 2.5. చుక్క ఎగిరిపోయింది.

మావయ్య: ఎక్కడికి ఎగిరిపోతుంది?

కోడలు: ఆయన ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లలో కొట్టిస్తే నేను యూనికోడ్‌లోకి మార్చాను. మార్చేటప్పుడు వత్తులు పోతాయి, చుక్కలు పోతాయి, ఒక్కోసారి గుర్తులు పక్క అక్షరం మీదకి ఎక్కుతాయి. ఫైలు తిరిగి పంపి, అంకెలన్నీ సరిచూసుకోండని చెప్పాను. ఆయన తన సంభాషణలు చూసుకున్నాడు, అంకెలు చూసుకోలేదు.

మావయ్య: నువ్వు చూడాల్సింది.

కోడలు: నాకు ఇచ్చేది పేజీలు కట్టినందుకండి, ప్రూఫు చదివినందుకు కాదు. సొంతంగా వేసుకునేవాళ్లలో ప్రూఫుకి విడిగా డబ్బు పెట్టేవాళ్లు అరుదు. కవరు మీద పేలుతున్న ట్రాన్స్‌ఫార్మరుకి పెడతారు, ప్రూఫుకి పెట్టరు. పెద్ద పబ్లిషరైతే ముగ్గురి చేతుల మీద నడిచే పని, ఇక్కడ ఒక్కడే మొయ్యాలి. అయినా 25 గ్రాములు కలిపితే ఎవరూ చావరు కదండీ, వాసనకి నోట పెట్టుకోలేక పారబోస్తారు, అంతే.

మావయ్య: ఆ చుక్క అటు కాకుండా ఇటు జారితే? రెండున్నర కాస్తా పావు గ్రాము అయి ఉంటే? తేటగా ఉందని పిల్లలకి పట్టేస్తారు. వరద దిగాక ఊళ్లో చేసే పని ఇది, నవల్లో మాత్రమే చేసేది కాదు. బావి అడ్డం కొలత మీటర్లలో తీసుకుని దాన్ని దాంతోనే హెచ్చవేసి, నీటి లోతుతో హెచ్చవేసి, దాన్ని 3.14తో హెచ్చవేసి నాలుగుతో భాగిస్తే ఘనపు మీటర్లు. రెండు మీటర్ల బావిలో మూడు మీటర్ల నీరుంటే 9,400 లీటర్లు పైచిలుకు. దానికి 24 గ్రాముల బ్లీచింగు. అదీ మూత బిగించి దాచిన తాజా పొడి అయితేనే, గాలి తగిలితే ఘాటు చచ్చిపోతుంది. బకెట్లో ముద్దగా కలిపి, నీళ్లు పోసి, సున్నం అడుక్కి దిగాక పై నీరు మాత్రం చేదతో బావి అడుగుదాకా దింపి కలియబెట్టాలి. గంటసేపు ఆగాలి. ఇంత పని ఒక్క వాక్యంలో చెప్పాడు, ఆ వాక్యంలోనూ అంకె తప్పు.

కోడలు: సరే, ఆ తప్పు నాదీ ఆయనదీ కలిపి రాసుకోండి. మీరు గమనించనిది ఇంకోటి ఉంది. ఈ అచ్చు మూస మనది కాదు. ఇంగ్లీషులో ఇలాంటివి సొంతంగా రాసి కిండిల్లో పెట్టేవాళ్లు వేలల్లో ఉన్నారు. 2015 జూలై నుంచి అమెజాన్ చందా పాఠకులు చదివిన పేజీల లెక్కన రచయితకి డబ్బిస్తోంది. పుస్తకం ఎంత లాగితే అంత ఆదాయం. అందుకే ఒక్కో కథ పది భాగాలు, ప్రతి భాగం చివరా తుపాకీ పేలబోతుండగా ఆపడం, ఒంటరి మనిషి, అడవిలో కొంప, డబ్బాల్లో తిండి. మనవాడు అది చదివి పెరిగాడు. ఆ చొక్కాయే తొడుక్కున్నాడు, ఒంటికి సరిపోలేదు. కానీ తెలుగులో ఇలాంటివి రాసేవాళ్లు ఎందరున్నారండీ? మొదటిసారి రాసినవాణ్ణి బోరు లోతు దగ్గర పట్టుకుని చావగొడితే రెండోది రాయడు.

మావయ్య: ప్రేమకథలో బోరు లోతు తప్పైతే నేను నోరెత్తను. ఈ రకం పుస్తకంలో నీళ్లూ తిండీ నూనే అసలు పాత్రలు. అవి అబద్ధమైతే ఎవరు బతికారో ఎవరు చచ్చారో అన్నీ అబద్ధమే. రొయ్యల చెరువు చూడు. కరెంటు లేదు, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు తిరగవు. తెల్లవారుజామున మూడూ నాలుగింటికి నీళ్లలో గాలి అడుగంటుతుంది. రెండెకరాల చెరువులో చిక్కగా పోసిన వనామీ రొయ్యలు మొదటి రాత్రే గట్ల పక్కకి చేరి తలలెత్తుతాయి, తెల్లారేసరికి చచ్చిపోతాయి. ఇతని రొయ్యలు ఏడాది బతికాయి. మేతెవడిచ్చాడు? అదే పలచగా వేసిన శీలావతో బొచ్చో అయితే కొన్ని నిలబడేవి, కొరమేను పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది కాబట్టి బురదలోనైనా బతికేది. కొరమేను రాసి ఉంటే నమ్మేవాణ్ణి. తరవాత పెట్రోలు. ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. మన గాలిలో తేమ నీకు తెలుసు. ఇథనాల్ ఆ తేమని లాక్కుని, మోతాదు దాటాక నీళ్లతో కలిసి అడుక్కి దిగిపోతుంది. మూత సరిగా పడని క్యానులో ఏడాది దాచిన పెట్రోలుతో బండి నడిపి వంతెన దాటాడు.

కోడలు: బియ్యం లెక్క?

మావయ్య: అది ఇంకా ఘోరం. ఐదుగురికి నాలుగు బస్తాలు చాలాయట. మనిషికి రోజుకి అరకిలో చొప్పున ఐదుగురికి ఏడాదికి తొమ్మిది వందల కిలోలు. డెబ్బై ఐదు కిలోల ధాన్యం బస్తా ఆడితే యాభై కిలోల బియ్యం. అంటే పద్దెనిమిది బస్తాల ధాన్యం, విత్తనానికి వేరే. పైగా బియ్యంగా దాచాడు, రెండు వానలకి పురుగు పట్టేస్తుంది. ధాన్యంగానే దాచాలి, గింజ పంటికింద టక్కున విరిగేదాకా ఎండబెట్టి, పురి కట్టి, ఎప్పటికప్పుడు దంచుకోవాలి. దంచేదెవరు? ఊళ్లో అందర్నీ చంపేశాడుగా.

కోడలు: అసలు మీ కోపం అక్కడుందండి. బోరు మీద కాదు.

మావయ్య: ఉంటే ఏంటి? విను. మన దగ్గర నీళ్లు రావడానికి కరెంటు అక్కర్లేదు. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తిచేసిననాడు ఏ మోటారుందని? ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా అంతా వాలే. పి.గన్నవరం దగ్గర కాలువని నది మీదుగా దాటించే అక్విడక్టు మీంచి వైనతేయ దాటి కూడా నీళ్లు వాటంతటవే నడిచొస్తాయి. కరెంటు పోయిన మర్నాడు కాలువ ఆగదు. డెల్టాకి చావు నీళ్లు రాక కాదు, వచ్చిన నీళ్లు పోక. మురుగు కాలువలో గుర్రపుడెక్క రెండు వారాల్లో రెట్టింపవుతుంది. ఆ కాలువ సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేట వేస్తుంది. సముద్రం పాటు మీద ఉన్నప్పుడే నీరు దిగుతుంది, పోటు మీద ఉప్పు ఎదురెక్కుతుంది. ఆ మొగ పూడిందా, మూడు రోజుల వానకి నాట్లు మునుగుతాయి. స్వర్ణ రకం వరి వారం దాటి నీళ్లకింద ఉంటే కుళ్లిపోతుంది. మునకకి తట్టుకునే స్వర్ణ సబ్-1 అని 2009లో వచ్చింది, అదైనా రెండు వారాలు. కాబట్టి ఎవరో దిగాలి. మోకు అడ్డంగా పరిచి, రెండు గట్ల మీదా జనం నిలబడి డెక్కని లాగాలి, కొందరు మెడలోతు నీళ్లలో నిలబడి వేళ్లు కొయ్యాలి. లాగింది గట్టు మీదే వదిలేస్తే వానకి మళ్లీ జారిపోతుంది, దూరం మొయ్యాలి. గోడ కట్టుకున్న ఒక్కడు ఇది చెయ్యగలడా? ఏటిగట్టు సంగతి చూడు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు. 2022 జూలైలో పాతిక లక్షలు దాటింది. అలాంటి రాత్రి గట్టు వెనకవైపు ఊట లేస్తుంది. దాన్ని పూడ్చకూడదు, పూడిస్తే పక్కనుంచి తన్నుకొస్తుంది. చుట్టూ గుండ్రంగా ఇసుక బస్తాలు పేర్చి, లోపల నీళ్లు లేవనివ్వాలి, అప్పుడు ఊట బలం తగ్గుతుంది. లాంతరు పట్టుకుని చూస్తూ ఉండాలి: తేట నీరొస్తే పరవాలేదు, ఇసుక కలిసి వస్తే గట్టుని లోపల తినేస్తున్నట్టు. మైలు పొడవునా రాత్రంతా మనుషులు కావాలి. గట్టు తెగితే ఇతని గోడ ఏమవుతుంది? మూడొందల పేజీల్లో ఏటిగట్టు మాట ఒక్కసారి లేదు. మురుగు కాలువ అసలే లేదు. కొబ్బరిచెట్లు ఉన్నాయి కాబట్టి కోనసీమ అనుకోమన్నాడు.

కోడలు: అయిందా అండి? ఇప్పుడు నేనడుగుతాను. ఆ డెక్క లాగే ఊరుమ్మడి పని, కరెంటూ పొక్లెయినూ ప్రభుత్వం డబ్బూ ఉన్న రోజుల్లో జరుగుతోందా? 2011లో కోనసీమ రైతులు సార్వా, అదే వానాకాలం పంట, వెయ్యకుండా పంట విరామం ఎందుకు ప్రకటించారు? గిట్టుబాటు ధర ఒక కారణమైతే ఈ మురుగే ఇంకో కారణం. రెండో పంట దాళ్వాకి నీళ్లు వంతులు పెడితే కాలువ చివరి శివారు చేలకి ఎన్ని వంతులు అందుతున్నాయి? పైనున్నవాడు రాత్రి తూము ఎత్తుకుంటాడని మీకంటే ఎవరికి తెలుసు? వరదప్పుడు గట్టు మీద కాపలా కాసేది ఊట కోసమేనా? పక్క ఊరివాళ్లు గండి కొడతారని కాదూ? మా చేలు దిగాలంటే మీ చేలు మునగాలి, ఆ లెక్క డెల్టాలో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. ఆ కుర్రాడు గోడ కట్టుకున్నాడంటే ఉమ్మడి పని ఎలా చచ్చిందో చూసినవాడు కాబట్టే.

మావయ్య: ...శివారు మాట నిజం. కాదనను. తూము మాటా నిజమే. రాత్రి పూట తూము దగ్గర కాలువ కాపలా కాసే లస్కరు ఒక్కడే ఉంటాడు, వచ్చేవాళ్లు పదిమంది ఉంటారు.

కోడలు: మరి?

మావయ్య: మరి అది రాయాలిగా! నువ్వు ఇప్పుడు చెప్పిందే నవల. రెండు ఊళ్లు, ఒక గట్టు, ఎవరి చేలు మునగాలో తెల్లారేలోపు తేల్చుకోవాలి. అందులో ఒక్క తుపాకీ అక్కర్లేదు, పార చాలు. దాన్ని వదిలేసి ఎక్కడినుంచో లారీలో దిగిన దొంగలెందుకు? పేరు లేదు, ఊరు లేదు, ఇంటిపేరు లేదు.

కోడలు: ఎందుకో నేను చెప్పనా? రెండొందల కాపీలు వేశాడు. షాపులు తీసుకోవు. చుట్టాలకీ, స్కూలు మాస్టార్లకీ, పక్క ఊళ్లవాళ్లకీ చేత్తో ఇస్తాడు. గండి కొట్టింది ఫలానా ఊరివాళ్లని రాస్తే, రేపు ఆ ఊరి మీదుగా బస్సెక్కాలి. పెద్ద పబ్లిషరున్నవాడికి మధ్యలో ఒక అడ్డుంటుంది, ఇతనికి లేదు. అందుకే దొంగలు ఎక్కడినుంచో రావాలి.

మావయ్య: అది నేను ఆలోచించలేదమ్మా.

కోడలు: మళ్లీ వేస్తున్నాడండి, ఇంకో వంద. ఫైలు నా దగ్గరే ఉంది. మీరు తప్పులు రాసిస్తే దిద్ది పంపుతాను.

మావయ్య: బోరు తీసేసి ఫిల్టర్ పాయింటు పెట్టు. రొయ్యలకి బదులు కొరమేను. పద్దెనిమిది బస్తాలు. చుక్క చూసుకో.

కోడలు: దొంగలో?

మావయ్య: వాళ్లని పక్క ఊరివాళ్లని చెయ్యమను. ఊరి పేరు మార్చుకోమను. గట్టూ తూమూ మాత్రం ఎక్కడున్నవి అక్కడే ఉంచమను.