అరిసెల తరఫున ఒక వకాల్తా

హైదరాబాదులో రోజూ పది కిలోమీటర్లు పరిగెత్తే కుర్రాడు భోగికి భీమవరం అత్తారింట్లో దిగుతాడు. బూట్లు సంచిలోంచి బయటికి రావు. “మీరు పొద్దున్నే అలా రోడ్డెక్కి పరిగెడితే, మర్యాదల్లో ఏదో లోటు జరిగిందనుకుంటారండి ఊళ్ళో” అని మావగారు ఒక్క ముక్కలో తేల్చేస్తారు. పందెం పుంజుకు బాదంపప్పు పెట్టి ఈత కూడా కొట్టించే ఊరు, అల్లుడికి బాదంపప్పుతోనే సరిపెడుతుంది.

పన్నెండు రోజుల తర్వాత హైదరాబాదులో అదే రోడ్డు, అదే వేగం. గుండె మాత్రం నిమిషానికి పదిసార్లు ఎక్కువ కొట్టుకుంటుంది. నేరం అరిసెల మీద పడుతుంది. ఇది అన్యాయం. అరిసెల మీద వేరే కేసుంది, అది నడుం కొలత కోర్టులో నడుస్తోంది.

ఇక్కడి ముద్దాయి నెత్తుట్లోని నీరు. సాధన చేసేవాడి ఒంట్లో ప్లాస్మా, అంటే నెత్తుటిలోని ఆ నీటి భాగం, మామూలుకన్నా ఎక్కువ. పరుగు ఆగిన కొద్దిరోజులకే మూత్రపిండాలు “ఈ సరుకు ఎవరి కోసం?” అని అదనపు నీటిని సాగనంపుతాయి. రెండు వారాల్లో 5 నుంచి 12 శాతం దాకా తగ్గిపోవచ్చు. బిందెడు కొబ్బరినీళ్ళు తాగినా నిలవదు. నిలబెట్టమనే హుకుం పరుగు దగ్గర్నుంచే రావాలి. గుండెలోకి చేరే రక్తం తగ్గితే ఒక్కో దెబ్బకి బయటికి తోసేదీ తగ్గుతుంది, ఆ లోటు పూడ్చడానికి దెబ్బల లెక్క పెరుగుతుంది. ఆ పదీ అక్కడివే.

రెండో విడత కండరాల్లోని మైటోకాండ్రియా ఎంజైములది, అంటే ఆక్సిజన్‌తో శక్తిని తయారుచేసే పనివాళ్ళది. తగ్గాల్సిన దాంట్లో సగం సుమారు 12 రోజుల్లోనే తగ్గిపోతుంది. 1984లో వ్యాయామ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ కోయిల్ బృందం బాగా సాధన ఉన్నవాళ్ళ చేత ఆ సాధనంతా మానిపించి చూసింది. గరిష్ఠ ఆక్సిజన్ వినియోగం, అంటే ఒళ్ళు నిమిషానికి మహా అయితే ఎంత ఆక్సిజన్ వాడుకోగలదో ఆ లెక్క, 21 రోజుల్లో 7 శాతం, 56 రోజులకు 16 శాతం పడిపోయింది. కండరాల్లోని సన్నటి రక్తనాళాలు మాత్రం 84 రోజులైనా చెక్కుచెదరలేదు. ఇల్లు అలాగే ఉంది, అద్దెకున్నవాళ్ళే ఖాళీ చేశారు.

మరి అల్లుడేం చెయ్యాలి? గట్టు మీద రోజూ గంటసేపు షికారు చేసి సరిపెట్టుకుంటే లాభం లేదు. మరో వ్యాయామ శాస్త్రవేత్త రాబర్ట్ హిక్సన్ ప్రయోగాల్లో వారానికి 6 రోజుల సాధనను 2 రోజులకు దించినా సామర్థ్యం 15 వారాలు నిలిచింది, జోరు తగ్గించనంత వరకే. కాబట్టి వారానికి రెండుసార్లు, 33 నిమిషాలు: పది నిమిషాలు మెల్లగా, మూడేసి నిమిషాల చొప్పున నాలుగుసార్లు మాట రానంత జోరుగా, నడుమ రెండేసి నిమిషాలు నెమ్మదిగా, చివర అయిదు నిమిషాలు ఇంకా నెమ్మదిగా.

ఇదీ కుదరకపోతే, తిరిగొచ్చాక మొదటి వారం గడియారంలో వేగం చూడకుండా గుండె లెక్క చూసుకోవాలి. ప్లాస్మా త్వరగానే తిరిగొస్తుంది. పోయిన కిలోమీటర్లను బాకీలా ఒక్క ఆదివారమే తీర్చేద్దామనుకునేవాడు పిక్క పట్టుకుని ఆటోలో ఇంటికొస్తాడు.

ఇక మావగారి అభ్యంతరం. పందేల బరి ఉన్న దారి పట్టుకుంటే చాలు. సంక్రాంతికి ఆ దోవన ఎవరెంత పరిగెత్తినా భీమవరంలో కారణం అడగరు.