నలభై దాటాక ఏడీహెచ్‌డీ నిర్ధారణ: వదినా మరిదుల వాదోపవాదం

(వదిన 42 ఏళ్ళ వయసులో, తనకు ఏడీహెచ్‌డీ, అంటే చిన్నప్పటి నుంచీ ధ్యాస నిలవకపోవడం, నిలకడలేనితనం, తొందరపాటు వంటి లక్షణాలతో ఉండే సమస్య, ఉందో లేదో తేల్చుకోవడానికి మానసిక వైద్యురాలిని కలిసి వచ్చింది. ఉందనే తేలింది. ఈ వయసులో ఆ పరీక్షకు అర్థం లేదని మరిది అభిప్రాయం.)

మరిది: వదినా, మీరు నొచ్చుకోనంటే ఒక మాట అంటాను. రక్తపరీక్ష చేయలేదు, స్కానింగ్ తీయలేదు. మీరు చెప్పింది విని దానికొక పేరు పెట్టారు. పనులు వాయిదా వేయని మనిషి, వస్తువు ఎక్కడ పెట్టాడో మరచిపోని మనిషి ఎక్కడైనా ఉన్నాడా?

వదిన: రక్తపరీక్షతో గానీ స్కానింగ్‌తో గానీ ఇది తేలదన్నది నిజమే. పార్శ్వపు తలనొప్పిని కూడా వైద్యులు ఎక్కువగా రోగి చెప్పే వివరాలను బట్టే గుర్తిస్తారు. అంతమాత్రాన ఆ నొప్పి కల్పన అయిపోదు. ఏడీహెచ్‌డీ పరీక్షలో ఏం జరుగుతుందో తెలియక చాలామంది ప్రశ్నపత్రమే పరీక్ష అనుకుంటారు, వెళ్ళేముందు నేనూ అలాగే అనుకున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ పేరుతో వాడుకలో ఉన్న ఆ పత్రంలో 18 ప్రశ్నలుంటాయి, మొదటి ఆరూ జల్లెడ వంటివి. లోతుగా చూడవలసిన అవసరం ఉందో లేదో చెప్పడం వరకే దాని పని. అసలు పరీక్ష ఆ తరువాత జరిగే సంభాషణ. నాకది రెండు రోజులు, రెండు విడతలుగా సాగింది. బిల్లులు ఆలస్యంగా కడతానని నేను అనగానే వైద్యురాలు తల ఊపి రాసేసుకోలేదు. చివరిసారి ఎప్పుడు జరిగింది, చేతిలో డబ్బు లేకనా, గుర్తు లేకనా అని అడిగింది. డబ్బు ఖాతాలోనే ఉంది, బిల్లు బల్ల మీద కళ్ళ ముందే ఉంది. పదకొండు రోజుల పాటు బల్ల తుడిచిన ప్రతిసారీ ఆ కాగితాన్ని నా చేత్తోనే ఈ పక్క నుంచి ఆ పక్కకు జరిపాను గానీ కట్టలేదు. ఆమె రాసుకున్నది ఆ వివరం. నువ్వన్నట్టు మరచిపోవడం అందరికీ ఉంటుంది. అది ఎంత తరచుగా, ఎన్నేళ్ళుగా, ఏ నష్టం తెచ్చిపెడుతూ జరుగుతోందన్నదే అక్కడ చూస్తారు. ధ్యాసకు సంబంధించిన తొమ్మిది లక్షణాల్లో గానీ, నిలకడలేనితనానికీ తొందరపాటుకీ సంబంధించిన తొమ్మిదింటిలో గానీ పెద్దవాళ్ళకు కనీసం ఐదు ఉండాలి; ఆరు నెలలకు తగ్గకుండా సాగుతూ ఉండాలి; ఇంట్లోనే కాక ఉద్యోగంలోనో మరోచోటనో కూడా కనిపించాలి; వాటిలో కొన్నైనా 12 ఏళ్ళ లోపే మొదలై ఉండాలి.

మరిది: ఆ 12 దగ్గరే నాకు అభ్యంతరం. 2013కు ముందు అమెరికా మనోవైద్యుల ప్రమాణాల్లో ఆ వయసు 7. గీతను జరిపితే గీత లోపలికి వచ్చేవారు పెరగడం సహజం. పైగా న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972-73లో పుట్టిన వెయ్యిమందిని చిన్నప్పటి నుంచి గమనిస్తూ వచ్చిన అధ్యయనం ఉంది. 38 ఏళ్ళ వయసులో ఏడీహెచ్‌డీ లక్షణాలున్నట్టు తేలినవారిలో దాదాపు 90 శాతం మందికి బాల్యంలో అది లేదని 2015లో ప్రకటించారు. ముప్పై ఏళ్ళ కిందటి సంగతి ఇప్పుడు తలచుకుని చెబితే, ఈనాటి బాధ ఆనాటి జ్ఞాపకానికి రంగు వేయదా?

వదిన: వేస్తుంది. ఇది గట్టి దెబ్బే, తప్పించుకోను. కానీ నువ్వు చెప్పిన అధ్యయనం పరీక్ష వద్దని చెప్పడం లేదు, పరీక్ష కఠినంగా ఉండాలని చెబుతోంది. పెద్దయ్యాక మొదలైనట్టు కనిపించిన సందర్భాలను వివరంగా పరిశీలించిన మరో అధ్యయనం 2018లో వచ్చింది. వాటిలో ఎక్కువ భాగం మత్తుపదార్థాల వల్లో వేరే మానసిక సమస్య వల్లో వచ్చినవనీ, లేదా జీవితాన్ని దెబ్బతీసేంత తీవ్రమైనవి కావనీ తేలింది. అందుకే నా జ్ఞాపకం ఒక్కటే చాలదని వైద్యురాలు బడి పత్రాలు తెమ్మంది. మూడో తరగతి నుంచి ఏడో తరగతి దాకా ఐదు ప్రోగ్రెస్ రిపోర్టులు దొరికాయి. ఐదుగురు వేర్వేరు టీచర్లు రాసినవి. తెలివైనదే గానీ ధ్యాస ఉండదని నాలుగింటిలో ఉంది.

మరిది: పత్రాలతో సరిపెట్టుకోకుండా మీ అమ్మగారిని కూడా కూర్చోబెట్టారు కదా? డెబ్బై దాటిన మనిషిని పిలిచి మీ బిడ్డను సరిగా గమనించారా అని నిలదీయడం నాకు నచ్చలేదు. ఆ రాత్రి ఆవిడ నిద్రపోలేదని అన్నయ్య చెప్పాడు.

వదిన: నిలదీయలేదు. అమ్మ మొదట, మా పిల్ల బుద్ధిమంతురాలు, నోరెత్తేది కాదు అంది. కుర్చీ ఎక్కి దూకే పిల్లవాడు అందరి కళ్ళలోనూ పడతాడు, కిటికీ వైపు చూస్తూ కూర్చునే ఆడపిల్ల ఎవరికీ అడ్డు కాదు. వైద్యురాలు తప్పొప్పుల జోలికి వెళ్ళకుండా, బడి సంచీ ఎవరు సర్దేవారని మాత్రమే అడిగింది. పదో తరగతి దాకా నేనేనమ్మా, లేకపోతే రోజూ ఏదో ఒకటి మరచిపోయేది అని చెప్పి అమ్మ ఆగిపోయింది.

మరిది: అయినా ఏం అడుగుతారో ఆవిడకు ముందే చెప్పవలసింది.

వదిన: చెప్పవలసింది. అది నా తప్పే, అమ్మతోనూ ఆ మాట అన్నాను. తల్లిదండ్రులను తీసుకువెళ్ళేవాళ్ళు ఈ జాగ్రత్త పడాలి.

మరిది: సరే, మందుల సంగతి. దీనికి ఇచ్చే మిథైల్ ఫెనిడేట్ వంటివి ఏ సమస్యా లేనివారికి కూడా కొంత ఏకాగ్రత ఇస్తాయంటారు. మాత్ర వేసుకోగానే మనసు కుదురుకుంది కాబట్టి నాకు ఏడీహెచ్‌డీ ఉందని చెప్పుకునేవారి మాట ఎలా నమ్మాలి?

వదిన: నమ్మకూడదు. మందు పనిచేయడం రుజువు కాదు, నిర్ధారణ మందుకు ముందే జరగాలి. మందు మొదలుపెట్టే ముందు కూడా రక్తపోటు, నాడి, బరువు చూసి, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెజబ్బు వచ్చిందా అని అడిగారు.

మరిది: మీకు దొరికిన వైద్యురాలు ఓపిక గలది. ఇరవై నిమిషాల్లో నాలుగు ప్రశ్నలు అడిగి మందు రాసేవాళ్ళు లేరా? నిద్ర చాలక తల దిమ్ముగా ఉన్నవాడు, దిగులుతో పని సాగనివాడు ఈ పేరుతో బయటికి వస్తే, వాడి అసలు జబ్బుకు చికిత్స ఎవరు చేస్తారు?

వదిన: ఈ విషయంలో మనిద్దరిదీ ఒకటే పక్షం. ఆందోళన, కుంగుబాటు, అతి ఉత్సాహమూ కుంగుబాటూ మారిమారి వచ్చే బైపోలార్, థైరాయిడ్ లోపం, గురకతో నిద్ర తెగిపోయే జబ్బు, ఇవన్నీ బయటికి ఇలాగే కనిపించగలవు. వీటి గురించి అడగకుండా ఇచ్చిన నిర్ధారణకు నేను విలువ ఇవ్వను. వెళ్ళేముందు నేను చాలా భయపడ్డాను. ఉందంటారేమోనని కాదు, లేదంటే ఇన్నాళ్ళూ నాది బద్ధకమేనని తేలిపోతుందని. ఆ మాట చెప్పినప్పుడు వైద్యురాలు, లేదని తేలితే మరి ఏముందో వెతుకుదాం, మీ ఇబ్బంది ఇబ్బంది కాకుండా పోదు కదా అంది. అప్పటి నుంచీ ఏ జవాబునూ పెంచి చెప్పాలనిపించలేదు.

మరిది: మీకు ఏం లేదని తేల్చారో కూడా రిపోర్టులో రాశారా?

వదిన: రెండో పేజీ అంతా అదే. థైరాయిడ్ ఫలితం, నిద్ర వివరాలు, కుంగుబాటు ఎందుకు కాదనుకున్నారో, కొంత ఆందోళన ఉందన్న మాట, అన్నీ ఉన్నాయి. తీసుకుని చదువు.

మరిది: చదువుతాను వదినా. ఒప్పుకుంటానని మాత్రం ముందే మాట ఇవ్వలేను.