ముందు మీరు పాసవ్వండి

పిల్లలందరూ ఒకేలా నేర్చుకోరు, పిల్లను బట్టి మనం మారాలి అని చెప్పడానికి అంగన్‌వాడీ కార్యకర్తలకు ఒక ఆన్‌లైన్ కోర్సు పెట్టారు. మంచిదే. ఆ మాట చెప్పే మొదటి వీడియో నిడివి నలభై నిమిషాలు. కోటు వేసుకున్న ఒకాయన స్లైడు మీద ఉన్నదే చదువుకుంటూ పోతాడు. పదో తరగతితో చదువు ఆగి పాతికేళ్లయిన మెళియాపుట్టి కార్యకర్తకీ, నిరుడు డిగ్రీ అయ్యాక చేరిన శ్రీకాకుళం టౌను అమ్మాయికీ అదే వీడియో, అవే ప్రశ్నలు. శనివారం రాత్రిలోగా పూర్తి చేయనివాళ్లకు గౌరవ వేతనం ఆగుతుందని వాట్సాప్ గ్రూపులో మెసేజ్.

శుక్రవారం సాయంత్రం మా విలేకరి వేరే పని మీద టెక్కలిలో ఒక నెట్ సెంటర్‌కి వెళ్లాడు. కార్యకర్తల కోర్సు ఐడీలు, పాస్‌వర్డులు రాసిన చీటీలు క్లిప్పుకి గుత్తిగా పెట్టి ఉన్నాయి. నాలుగు కంప్యూటర్లలో ఆ కోటాయనే నలుగురై మాట్లాడుతున్నాడు, సౌండు మాత్రం లేదు. కుర్రాడు అటు చూడకుండా ఆధార్ జిరాక్సులు తీసుకుంటున్నాడు. మనిషికి వంద రూపాయలు. క్విజ్ జవాబుల పీడీఎఫ్ ఎప్పుడో ఫోన్లలో తిరిగేసింది. "అక్కా, నీది రేపు పొద్దునకి అయిపోద్ది. లామినేషన్ కావాలేటి?" అని అక్కడున్న ఒక కార్యకర్తను అడిగాడు. ఆవిడ మొహమాటపడుతూ, "నానే సూద్దారనుకున్నాను బాబూ. మేడెక్కితే ఒక గీత సిగ్నలు వత్తాది, దిగితే పోతాది. ఏటి సేసీది?" అంది.

లెక్కల్లో ఇప్పుడు ఆవిడ శిక్షణ పొందిన కార్యకర్త. సమీక్ష సమావేశంలో ఆ లెక్కే చదువుతారు, అంతా చప్పట్లు కొడతారు.

అందరినీ జిల్లా కేంద్రానికి పిలిస్తే డబ్బు ఖర్చు, కేంద్రాలు మూతపడతాయి, ఆన్‌లైన్ అయితే ఒకేసారి అందరికీ చేరుతుంది అని అధికారులు అంటారు. కాదనం. కానీ చేరింది వీడియోనా, చదువా? పైగా మా కోపం ఆన్‌లైన్ మీద కాదు. పిల్లను బట్టి మారమని చెప్పే కోర్సు తాను మాత్రం ఎవరి కోసమూ అంగుళం మారదు, అదీ మా కోపం. ఉపన్యాసం దంచొద్దని నలభై నిమిషాల ఉపన్యాసం దంచుతారు. బట్టీ పట్టించొద్దంటూనే బట్టీ ప్రశ్నలతో పరీక్ష పెడతారు.

ఇది తెలియక జరిగిందనుకోవడానికీ లేదు. ఆన్‌లైన్ కోర్సుల్లో జనం వీడియోలు ఎలా చూస్తారో 69 లక్షల వీక్షణలు పట్టి 2014లోనే లెక్క తీశారు. వీడియో ఎంత పొడుగున్నా సగటున జనం ఆరు నిమిషాలకు మించి నిలవడం లేదని తేలింది. తెర మీద ఉన్న అక్షరాలనే నోటితో చదివితే బుర్రకి బరువే తప్ప ఉపయోగం లేదని రిచర్డ్ మేయర్ లాంటి మనస్తత్వ శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి చెబుతున్నారు. ఇవేమీ దాచిపెట్టిన రహస్యాలు కావు, కోర్సులు తయారుచేసేవాళ్లకు ఓనమాలు.

ఇక భాష. సమ్మిళిత అభ్యసన వాతావరణ నిర్మాణానికి దోహదకారి కానిది ఏది అని ఒక ప్రశ్న. రోజంతా తెలుగు రాసుకునే మా డెస్కుకే రెండుసార్లు చదివితే గానీ ఎక్కలేదు. ఇచ్ఛాపురం వైపు ఇంట్లో ఒడియా, మెళియాపుట్టి, మందస కొండల్లో సవర. మిగతా జిల్లా అంతా మాట్లాడేది మన యాస తెలుగు. ఈ ప్రశ్న ఎవరి కోసం రాశారో!

ఈ జిల్లాలో ఇలా జరగడం మరీ సిగ్గుచేటు. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర పిల్లలకు చదువు చెప్పాలంటే ముందు తాను సవర నేర్చుకోవాలని కూర్చున్న గిడుగు రామమూర్తి పుట్టింది ఇక్కడే, శ్రీముఖలింగం పక్కన పర్వతాలపేటలో. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. ఏటా ఆగస్టు 29న ఆయన విగ్రహానికి దండ వేసే చేతులే ఈ కోర్సుకు సంతకం పెడతాయి.

వినికిడి తక్కువున్న కార్యకర్త సంగతి అడిగితే జవాబు లేదు. వీడియో కింద అక్షరాలు వేయలేదు. సమాచారం వికలాంగులకు అందే రూపంలో ఉండాలని 2016 వికలాంగుల హక్కుల చట్టం చెబుతోంది, డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని 2025లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

చేయాలంటే దారి లేదా? పది నిమిషాల పాఠాన్ని మాటగా రికార్డు చేసి చిన్న ఫైలుగా కుదిస్తే రెండున్నర ఎంబీ కూడా అవదు. సిగ్నలున్న చోట దించుకుని, అన్నం వండుకుంటూ వినొచ్చు. మొదటి రోజు తల్లి కొంగు వదలని పిల్లతో ఏం చేస్తావు, ఇంట్లో సవర తప్ప రాని బాబుకి రంగులు ఎలా చెబుతావు అని అడిగితే ఆ కార్యకర్త అరగంట మాట్లాడుతుంది, మీకే నాలుగు సంగతులు నేర్పుతుంది. విడుదలకి ముందు ఐదుగురు కార్యకర్తల చేతికిచ్చి పక్కన కూర్చుని చూస్తే ఎక్కడ తడబడుతున్నారో ఒక్క పూటలో తెలిసిపోయేది. ఆ ఒక్క పూట ఎవరికీ దొరకలేదు. టీచర్లకు ఏటా 50 గంటల శిక్షణ ఉండాలని 2020 విద్యా విధానం అంటోంది. ఆ 50 గంటలూ ఈ కోటాయన చేతిలోనే పెడతారా?

ఈ కోర్సు తయారుచేసినవాళ్లూ, సరేనన్నవాళ్లూ ఒక్క మధ్యాహ్నం మెళియాపుట్టి కొండ మీదికి రండి. ఆవిడ ఫోనే, ఆవిడ సిగ్నలే. చుట్టూ పిల్లలు, పొయ్యి మీద పప్పు. నలభై నిమిషాలూ చూసి, ఆ క్విజ్ రాసి, పాసవ్వండి. టెక్కలి నుంచి ఆటో ఛార్జీ మేం పెట్టుకుంటాం. శనివారం రాత్రిలోగా అవకపోతే మీ జీతం ఏం చేయాలో, ఆ మెసేజ్ మీ ఫోన్‌లోనే ఉందిగా.