అతనికి పత్రికలే పెట్టుబడి

1967 ఆగస్టు 25. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం, ఆర్లింగ్టన్. బట్టలు ఉతుక్కోవడానికి లాండ్రీకి వచ్చిన 49 ఏళ్ల మనిషి తిరిగి కారెక్కాడు. పక్కనున్న దుకాణాల పైకప్పు మీద నుంచి తుపాకీ పేలింది. చంపింది అతను జీవితమంతా తిట్టిపోసిన యూదులూ కాదు, నల్లజాతివారూ కాదు. అతనే తన పార్టీ నుంచి గెంటేసిన పాత అనుచరుడు. అమెరికన్ నాజీ పార్టీ నాయకుడు జార్జ్ లింకన్ రాక్‌వెల్ కథ అలా ముగిసింది.

తండ్రి వేదికల మీద జనాన్ని నవ్వించిన కమెడియన్. కొడుకు హిట్లర్‌ను ఓడించిన అమెరికా నౌకాదళంలో పైలట్‌గా పనిచేసి, యుద్ధం అయ్యాక ఆ హిట్లర్‌కే భక్తుడయ్యాడు. మధ్యలో బొమ్మలు వేశాడు, అడ్వర్టయిజింగ్ చేశాడు, సైనికుల భార్యల కోసం ఓ పత్రిక కూడా పెట్టాడు. అంటే జనం కళ్లు ఎటు తిరుగుతాయో, విలేఖరి దేనికి పరుగెత్తుకొస్తాడో అతనికి బాగా తెలుసు.

1959లో పార్టీ పెట్టాడు. సభ్యులు ఎప్పుడూ కొన్ని వందలు దాటలేదు. 1965లో వర్జీనియా గవర్నర్ పదవికి నిలబడితే వచ్చినవి సుమారు 1 శాతం ఓట్లు. అయినా దేశమంతా అతని పేరు తెలుసు. 1961లో బస్సుల్లో నల్లవాళ్లను వేరుగా కూర్చోబెట్టడాన్ని ఎదిరిస్తూ పౌరహక్కుల కార్యకర్తలు అమెరికా దక్షిణాది రాష్ట్రాలకు వెళ్తుంటే, ‘ద్వేష బస్సు’ అని పేరు పెట్టి ఓ వ్యాన్ నడిపాడు. నాజీ యూనిఫాం, చేతికి స్వస్తిక పట్టీ, నాలుగు బూతులు. ఫొటోకి ఇంకేం కావాలి?

ఈ కిటుకును ముందుగా పట్టుకున్నది యూదుల సంస్థ అమెరికన్ జ్యూయిష్ కమిటీకి చెందిన సాలమన్ ఫైన్‌బర్గ్. రాక్‌వెల్ సభ పెడితే ఎదురు వెళ్లొద్దు, గొడవ పడొద్దు, పత్రికలు కూడా అతన్ని అనవసరంగా పెద్ద చేయొద్దు అన్నది ఆయన సలహా. ఒక రకంగా క్వారంటైన్. హిట్లర్ శిబిరాల నుంచి ప్రాణాలతో బయటపడినవారిలో కొందరికి ఈ మౌనం మింగుడుపడలేదు. వాళ్లను తప్పుపట్టే అర్హత మాకు లేదు. కానీ ఎక్కడ గొడవ లేదో అక్కడ రాక్‌వెల్‌కు వార్త కూడా లేదు.

అయితే క్వారంటైన్ మనిషికి పనిచేస్తుంది గానీ గుంపుకు పనిచేయదు. 1966 ఆగస్టులో షికాగోలో ఇళ్ల విషయంలో వివక్షకు వ్యతిరేకంగా మార్టిన్ లూథర్ కింగ్ ఊరేగింపు తీస్తే, తెల్లవాళ్ల పేటల్లో వేలమంది రాళ్లు రువ్వారు. ఒక రాయి కింగ్ తలకే తగిలింది. జాతివివక్షకు పేరుపడ్డ దక్షిణాది రాష్ట్రం మిసిసిపీలో కూడా ఇంత ద్వేషం చూడలేదన్నారాయన. రాక్‌వెల్ ‘వైట్ పవర్’ (తెల్లవాళ్లదే అధికారం) నినాదంతో ఆ వీధుల్లోకి దిగాడు. ఆ కోపాన్ని పుట్టించింది అతను కాదు. పక్కింట్లోకి నల్లవాళ్లు వస్తే తమ ఇంటి ధర పడిపోతుందనే భయం అక్కడ ముందే ఉంది, అతను వచ్చి దానికి జెండా కట్టాడంతే. పత్రికలు రాయాల్సింది ఆ ఇళ్ల గురించి. యూనిఫాం ఫొటో వేయడం సులువు, ఇళ్ల లెక్క తీయడం కష్టం. మా బల్ల మీద కూడా రోజూ ఇదే పేచీ.

అతను పోయాక పార్టీ ముక్కలైంది. అతని పార్టీ పత్రికకు సంపాదకుడిగా ఉన్న విలియం పియర్స్ తర్వాత జాతిద్వేషం నిండిన ఓ నవల రాశాడు. 1995లో ఓక్లహోమా సిటీలో బాంబు పెట్టి 168 మందిని చంపిన టిమోతీ మెక్‌వీ, అంతకుముందు తుపాకుల సంతల్లో ఆ నవల అమ్ముతూ తిరిగాడు.