ప్రైవేటు కంపెనీ గేటు దగ్గరే ఆగిపోతున్న హక్కు

వికలాంగుల హక్కుల మీద మన దగ్గర చర్చ ఎప్పుడు జరిగినా రిజర్వేషన్ శాతం దగ్గర మొదలై అక్కడే ముగుస్తుంది. 1995 చట్టంలో 3 శాతం ఇచ్చారు, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 4 చేశారు, బ్యాక్‌లాగ్ పోస్టులు ఎప్పుడు నింపుతారు? ఇవన్నీ అడగాల్సిన ప్రశ్నలే. కానీ 2016 చట్టానికి అసలు ప్రాణం మరో చోట ఉంది. మనిషి అవసరాన్ని బట్టి తగిన వెసులుబాటు (ర్యాంపు, పరీక్షలో అదనపు సమయం లాంటివి) కల్పించకపోతే అది వివక్ష కిందికే వస్తుందని రెండో సెక్షన్‌లోని నిర్వచనం తేల్చి చెబుతోంది. ఇంత గొప్ప మాట రాసుకున్న చట్టం, ఉద్యోగాల అధ్యాయానికి వచ్చేసరికి ప్రైవేటు యజమానిని వదిలేసింది. నా అభ్యంతరమల్లా అక్కడే.

20వ సెక్షన్ చదవండి. ఏ ప్రభుత్వ సంస్థా వివక్ష చూపకూడదు, ప్రతి ప్రభుత్వ సంస్థా వెసులుబాటు కల్పించాలి అని ఉంటుంది. మరి ప్రైవేటు సంస్థ? 21వ సెక్షన్ ప్రకారం సమాన అవకాశాల విధానం అంటూ ఒక కాగితం ప్రకటించాలి. సిబ్బందిలో కనీసం 5 శాతం వికలాంగులు ఉండేలా చూస్తే ప్రభుత్వం ప్రోత్సాహకాలు ఇస్తుందని 35వ సెక్షన్ ఆశ పెడుతుంది. అంతే.

చదువుల అధ్యాయంలో ఈ గీత లేదు. ప్రభుత్వ నిధులు తీసుకునే సంస్థలే కాదు, ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రతి విద్యాసంస్థా దాని పరిధిలోకి వస్తుంది. ఫీజులతో నడిచే ప్రైవేటు బడి కూడా తప్పించుకోలేదు.

దీని ఫలితం ఎలా ఉంటుందో చూడండి. చూపులేని విద్యార్థి స్క్రైబ్‌తో, అంటే తను చెప్పింది రాసిపెట్టే సహాయకుడితో లెక్కల పరీక్ష రాస్తున్నాడనుకుందాం. "బ్రాకెట్ ఓపెన్, ఎక్స్ స్క్వేర్ మైనస్ త్రీ ఎక్స్, బ్రాకెట్ క్లోజ్, హోల్ బై టూ" అంటూ ఒక్కో గుర్తూ నోటితో చెప్పాలి. రాసింది స్క్రైబ్ మళ్లీ చదివి వినిపించాలి. మధ్యలో ఒక్క మైనస్ జారిపోతే లెక్క మొత్తం తప్పుతుంది. అందుకే గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలని కేంద్రం 2018 మార్గదర్శకాల్లో చెప్పింది. సుప్రీంకోర్టు 2021లో ఇంకో అడుగు ముందుకు వేసింది. రాసేటప్పుడు చెయ్యి బిగుసుకుపోయే సమస్య ఉన్న సివిల్స్ అభ్యర్థికి, 40 శాతం వైకల్యం లేదన్న కారణంతో స్క్రైబ్‌ను నిరాకరించడం చెల్లదంది.

ఇన్ని రక్షణలతో డిగ్రీ చేతికొచ్చిన ఆ విద్యార్థే ఒక ప్రైవేటు కంపెనీ ఆన్‌లైన్ టెస్ట్‌కు కూర్చుంటాడు. ప్రశ్నలో గ్రాఫ్‌ను బొమ్మగా పెట్టి ఉంటారు. తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ "ఇమేజ్" అని మాత్రం పలికి ఊరుకుంటుంది. టైమర్ మాత్రం పరుగెడుతూనే ఉంటుంది. హెచ్‌ఆర్‌కు మెయిల్ పెడితే జవాబు రాదు. 20వ సెక్షన్ చూపించి నిలదీద్దామంటే అది ఆ కంపెనీకి వర్తించదు. పదిహేనేళ్లు బడిలో, కాలేజీలో హక్కుగా అందినది, సంపాదించుకోవాల్సిన రోజు రాగానే బతిమాలి అడుక్కోవాల్సిన సాయంగా మారిపోతోంది.

ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చినవాళ్ల సంగతి ఇంకా దారుణం. ప్రభుత్వ ఉద్యోగి ప్రమాదంలో కాలు పోగొట్టుకుంటే అతన్ని తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. పాత పని చేయలేకపోతే అదే జీతంతో మరో పోస్టు ఇవ్వాలి. ఖాళీ లేకపోతే అదనపు పోస్టు సృష్టించైనా నిలబెట్టాలి. ప్రైవేటు ఉద్యోగి ఇంట్లో ఈ ధీమా లేదు. తెలంగాణ ఆర్టీసీ డ్రైవర్ ఒకరిని వర్ణాంధత్వం ఉందని ఇంటికి పంపిన కేసులో, ప్రత్యామ్నాయ ఉద్యోగం ఇవ్వాల్సిందేనని 2025లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అక్కడ ఆయనకు అండగా నిలిచింది ఏమిటి? కార్మికులు 1979లో యాజమాన్యంతో కుదుర్చుకున్న ఒప్పందం. యూనియనే లేని కంపెనీలో అలాంటి కాగితం ఎక్కడ దొరుకుతుంది?

చిన్న కంపెనీలు ఈ ఖర్చు మోయలేవని, దొంగ సర్టిఫికెట్లు పెరుగుతాయని కొందరంటారు. వెసులుబాటు సంస్థకు మితిమీరిన భారం కాకూడదని నిర్వచనంలోనే ఉంది. వికలాంగులకు ఉద్దేశించిన లబ్ధిని మోసంతో పొందినవారికి 91వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు ఉంది. చట్టాన్ని ఉల్లంఘించిన యజమానికో? మొదటి తప్పుకు 10 వేలకు మించని జరిమానా. ఎవరిని ఎక్కువగా అనుమానిస్తున్నామో ఈ రెండు సెక్షన్లే చెబుతున్నాయి.

పైగా ప్రభుత్వం కూడా ఇప్పుడు సర్కారు కొలువులు ఇవ్వడం తగ్గించుకుంటోంది. డేటా ఎంట్రీ, సెక్యూరిటీ, ఆసుపత్రి సిబ్బంది, డ్రైవర్లు లాంటివారిలో చాలామందిని ఏజెన్సీల ద్వారానే తెస్తోంది. 4 శాతాన్ని లెక్కగట్టేది కేడర్ పోస్టుల మీద, అంటే ప్రభుత్వం మంజూరు చేసిన సొంత పోస్టుల మీద. ఏజెన్సీ మనిషి ఏ కేడర్‌లోనూ ఉండడు. సర్కారు ఆఫీసులో, సర్కారు కుర్చీలో, సర్కారు పనే చేస్తున్నా అతని యజమాని మాత్రం ఒక కాంట్రాక్టర్. ఔట్‌సోర్సింగ్‌ను మనం జీతాల సమస్యగానే చూస్తున్నాం. నిజానికి చట్టంలో ఉన్నా, పీఎఫ్ నుంచి ప్రసూతి సెలవు దాకా ప్రతి హక్కునూ అది ఆచరణలో కాంట్రాక్టర్ ఇష్టాయిష్టాలకు వదిలేసింది. వికలాంగులకు ఆ దెబ్బ అందరికంటే ముందు తగులుతుంది, ఎందుకంటే మిగతావారికి లేని ఒక విన్నపం వాళ్లు మొదటి రోజే చేసుకోవాలి. రెన్యువల్ భయం ఉన్న మనిషి నోరు తెరిచి ర్యాంపు అడుగుతాడా?

కొత్త చట్టమేమీ అక్కర్లేదు. 20వ సెక్షన్‌లో "ప్రభుత్వ సంస్థ" అన్నచోట "సంస్థ" అని మార్చాలి. రెండో సెక్షన్‌లో ఆ పదానికి ఇచ్చిన నిర్వచనంలో ప్రైవేటు సంస్థలు ఇప్పటికే ఉన్నాయి. ఉద్యోగి వెసులుబాటు అడిగితే 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలని, కుదరదంటే భారం ఎంతో లెక్క చూపాల్సింది యజమానేనని ఒక ఉపసెక్షన్ చేర్చాలి. నిజంగా మోయలేని చిన్న సంస్థలకు ప్రభుత్వమే సాయపడాలి. ఆంధ్రప్రదేశ్ నుంచి 25 మంది, తెలంగాణ నుంచి 17 మంది లోక్‌సభలో ఉన్నారు. ఈ సవరణ కోసం ప్రైవేటు మెంబర్ బిల్లు పెట్టడానికి వారిలో మంత్రి కాని ఒక్కరు చాలు.